ఎర్రతాడు, నీలంతాడు

సోమవారం పొద్దున పార్సిల్ వచ్చేసరికి కాగక్క నిచ్చెన మీద ఉంది. కాగు మూత పక్కకు తోసి, లోపలి అంచుకు పట్టిన గట్టి పొరను బ్రష్షుతో గీకుతోంది. కింద నుంచి స్టోరు గుమాస్తా గొంతెత్తాడు.

"అక్కా, పెళ్లికొడుకులు దిగారు! ఒకడు కాదు, ఇద్దరు!"

"కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. వస్తున్నా."

వస్తున్నానందే గానీ వెంటనే దిగలేదు. గీకిన చోటే మళ్లీ గీకింది. పది రోజులుగా ఆ పార్సిల్ కోసమే ఎదురుచూస్తోంది. రాకుండా ఉంటే బాగుండునని కూడా ఆ పది రోజులూ అనుకుంటూనే ఉంది.

ఆ బీరు కార్ఖానా పెద్దదేం కాదు. టైర్ల షాపుకీ అచ్చాఫీసుకీ మధ్య రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగదిలో సీసాలు కడుగుతారు, వెనక చల్లగదిలో పన్నెండు ట్యాంకులు ఉంటాయి, మధ్యలో కాగు. ముగ్గురు మనుషులు చేతులు చాచి పట్టుకుంటే తప్ప దాని చుట్టుకొలత అందదు. అడుగున ఆవిరి గొట్టాలు, పైన రాగి మూత. మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసం అందులో గంటన్నర తెర్లుతుంది. అలా తెర్లుతుండగా హాప్స్ వేస్తారు. హాప్స్ అంటే ఒక తీగకు పూసే పూలు, బొటనవేలంత పొడుగు, పచ్చటి పొలుసులు. ఎండబెట్టి, ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. బీరుకు చేదూ వాసనా వాటి వల్లే వస్తాయి. అవి పడకపోతే కాగులో ఉండేది తియ్యటి గంజి, అంతే.

ముప్పై ఏళ్లుగా ఆ కార్ఖానాకు ఒకే తోట నుంచి ఒకే రకం హాప్స్ వచ్చేవి. పోయిన నెల ఆ తోట రైతు నాలుగు ముక్కల ఉత్తరం రాశాడు. తీగలకు వేరుకుళ్లు వచ్చింది. అన్నీ పీకించేశాను. ఈ వయసులో మళ్లీ నాటే ఓపిక లేదు. ఇన్నాళ్లూ నా సరుకు తీసుకున్నారు, సంతోషం. ఆ రకం వేసేవాళ్లు ఇంకెవరూ లేరని విచారిస్తే తెలిసింది. హాప్స్ వ్యాపారి ఒకాయన రెండు రకాలు దొరుకుతాయన్నాడు, నమూనాలు పంపిస్తానన్నాడు. ఏదో ఒకటే తీసుకోవాలి, మూడేళ్లకు మాట ఇవ్వాలి, శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా చెప్పకపోతే వేరేవాళ్లకిచ్చేస్తాడు.

కార్ఖానాలో ఎవరూ కంగారు పడలేదు. కాగక్క ఉందిగా, అనుకున్నారు.

ఆమె చేరింది సీసాలు కడగడానికి, పంతొమ్మిదో ఏట. చేరిన రెండో నెలలో సీసాల పెట్టె మోసుకుంటూ స్టోరు గది ముందు నుంచి వెళ్తూ ఆగిపోయి, "ఇక్కడ తడిగోనె వాసన వస్తోంది" అంది. అప్పటి కాగు మేస్త్రి విసుక్కుంటూ ఆ రోజే వచ్చిన మూట విప్పాడు. పైన అంతా శుభ్రంగా ఉంది. మధ్యకు చీలిస్తే లోపల రూపాయి బిళ్లంత బూజు. ఆ రోజు నుంచి హాప్స్ వచ్చినప్పుడల్లా మేస్త్రి ఆమెను పిలిచేవాడు. చిటికెడు చేతిలో వేసి, "చూడమ్మా, పోయినేటిలా ఉందా?" అని అడిగేవాడు. ఆమె నలిపి, వాసన చూసి, ఉందనో లేదనో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు. మేస్త్రి మానుకున్నాక కాగు ఆమెకే వచ్చింది. ఆ పేరూ వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో పడి ఉంది. కొత్త చెప్పులు ఎవరు వేసుకొచ్చారో కాగక్క గేటు దగ్గరి నుంచే చెప్పేస్తుందని ముందుగదిలో ఆడవాళ్లు చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆమె ఎప్పుడూ కాదనలేదు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రైతు ఉత్తరం వచ్చేదాకా ఆమెకూ తట్టలేదు. ఇరవై ఏడేళ్లుగా ఆమె జవాబు చెప్పింది ఒకే ఒక్క ప్రశ్నకు. పోయినేటిలా ఉందా, లేదా. ఈ రెండిట్లో ఏది మంచిది అని ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

బల్ల మీద ఇటుకంతవి రెండు పొట్లాలు. ఒకటి ఎర్రతాడుతో కట్టి ఉంది, రెండోది నీలంతాడుతో. కాగితాల మీద పొడుగాటి అంకెలున్నాయి గానీ, అయిదు నిమిషాల్లోనే కార్ఖానా అంతటికీ అవి ఎర్రది, నీలంది అయిపోయాయి.

ల్యాబ్ చూసే అతను నోటుపుస్తకం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. నలభై దాటినవాడు, పెళ్లి చేసుకోలేదు, దేన్నయినా థర్మామీటరు పెట్టి చూడందే నమ్మడు. డిగ్రీ అనే పేరు అతనికి ముందుగదిలోవాళ్లే పెట్టారు.

కాగక్క ఎర్రదాంట్లో చిటికెడు విరిచి రెండు అరచేతుల మధ్య నలిపింది. పసుపులాంటి పొడి రాలి చేతులకు జిగురుగా అంటుకుంది. చేతులు వేడెక్కేదాకా నలిపి, దోసిలి పట్టి ముక్కు లోపల పెట్టింది. కోసిన గడ్డి. దాని వెనక ఏదో ఘాటు, మిరియం నమిలినట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు బార్లీ పిండితో తుడుచుకుని, కాసేపు కిటికీ దగ్గర నిలబడి వచ్చి నీలంది తీసింది. నిమ్మతొక్క. ఘాటు లేదు.

"నీలం," అంది. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది.

"ఎందుకక్కా?"

"మెత్తగా ఉంది."

"మెత్తదనాన్ని ఏ కొలతలో రాయమంటావు?"

"బోలెడంత అని రాయి."

డిగ్రీ నిజంగానే రాశాడు. తర్వాత రెండు గాజు జాడీలు కడిగి తెచ్చాడు. హాప్స్ వేయకుండా పక్కకు తీసిపెట్టిన బీరు వాటిలో పోసి, ఒకదాంట్లో ఎర్రది, ఇంకోదాంట్లో నీలంది నానేశాడు. మూతలు బిగించి చల్లగదిలో పెట్టాడు. గురువారానికి సారం దిగుతుంది, అప్పుడు తాగి కూడా చూడొచ్చన్నాడు.

"నీలమని చెప్పాగా. మళ్లీ ఇదెందుకు?"

"నీ మాట మీద నమ్మకం లేక కాదక్కా. జాడీలు ఖాళీగా ఉన్నాయి."

మంగళవారం ఆమె ఊరికే సరిచూసుకుందామని కూర్చుంది. నీలంది పైనే ఉంది కాబట్టి ముందు అదే నలిపింది. నిమ్మతొక్కే, కాకపోతే పచ్చిగా ఉంది, నాలుక వెనక గీరుకుంటున్నట్టుంది. ఎర్రది తీసింది. నిన్నటి గడ్డి ఏమైపోయిందో, ఈ రోజు కొత్తగా కోసిన చెక్క వాసన వస్తోంది. చల్లగా, నిదానంగా ఉంది. ఆమె మళ్లీ చూసింది. డిగ్రీ పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఎర్రది," అంది చిన్నగా.

"నిన్న నీలమన్నావు."

"నిన్న నిన్ననే."

బుధవారం పొద్దున మళ్లీ నీలం. మధ్యాహ్నం ఎర్రది. డిగ్రీ పుస్తకంలో గీతలు పక్కపక్కన పడుతూ నిచ్చెనలా తయారయ్యాయి. ముందుగదిలో ఆడవాళ్లు రెండు జట్లుగా చీలిపోయారు. ఒక్కళ్లు కూడా పొట్లం దగ్గరికి రాలేదు గానీ, నీలమే గెలుస్తుందని కొందరు, ఎర్రదేనని కొందరు. దారిలో ఆపి, "మనదెలా ఉందక్కా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఇంకో గొడవ. హాప్స్ వాసన చూసే రోజున ఆ ఇంట్లో వాసన సబ్బు వాడకూడదు, తలకు నూనె రాయకూడదు, తాలింపు ఘాటు లేవకూడదు. ఏటా ఒక్కరోజు కాబట్టి అందరూ ఓర్చుకునేవాళ్లు. ఈసారి శుక్రవారందాకా అంది. అత్తగారు మంగళవారం రాత్రి కంచం ముందు కూర్చుని అననే అంది.

"నా మోకాళ్ల మందు సీసా ఎక్కడ దాచావే?"

"శుక్రవారం ఇస్తానత్తయ్యా."

"శుక్రవారందాకా మోకాళ్లను ఆగమని చెప్పనా? ఆ గడ్డేదో ఒకటి ఖాయం చేసి పారెయ్యరాదూ. నాకు సంబంధం చూసినప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మావాళ్లు."

"తెలుస్తూనే ఉంది," అన్నాడు గోడవైపు తిరిగి కాగక్క మొగుడు. తల్లి చేతికి అందకుండా లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆయనది కళ్లద్దాల షాపు. బుధవారం సాయంత్రం కాగక్క అటుగా వచ్చి, కలిసి ఇంటికి వెళ్దామని లోపల స్టూలు మీద కూర్చుంది. ఒక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లకు ఇనప చట్రం. గోడ మీద అక్షరాలు. కళ్లద్దాలాయన ఒక అద్దం పెట్టి, "ఇదా," అన్నాడు. తీసి ఇంకోటి పెట్టి, "ఇదా?" అన్నాడు.

"రెండోది బాగుంది."

ఆయన మళ్లీ అద్దాలు మార్చాడు. "ఇప్పుడు చెప్పండి. ఇదా... ఇదా?"

"రెండోదే. బాగా తేటగా ఉంది."

ఆయన కాగక్క వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. ఆమెకు అర్థం కాలేదు. షాపు మూసి రోడ్డెక్కాక అడిగింది.

"ఎందుకలా చూశారు?"

"రెండుసార్లూ అవే అద్దాలు. ముందుది వెనకా, వెనకది ముందూ పెట్టానంతే. కొంతమందికి ఎప్పుడూ రెండోదే నచ్చుతుంది. మొదటిదాంతోనే కళ్లు అలిసిపోతాయి, రెండోది వచ్చేసరికి హాయిగా ఉంటుంది. అలాంటివాళ్ల దగ్గర మాట పట్టుకోకూడదు."

కాగక్క నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏమైంది? చెప్పు తెగిందా?"

సోమవారం ముందు ఎర్రది, తర్వాత నీలం, నీలం నచ్చింది. మంగళవారం ముందు నీలం, ఎర్రది నచ్చింది. డిగ్రీ పుస్తకంలోని నిచ్చెన మెట్టు తర్వాత మెట్టుగా కళ్ల ముందు నిలబడింది. మొదటిదాని ఘాటుకు ముక్కు మొద్దుబారుతోంది, రెండోది ఏదైనా సరే మెత్తగా తోస్తోంది. సీసాలు కడిగే కొత్త పిల్లలకు కూడా చెప్పి నవ్వే తప్పు ఇది. పాత రకంతో ఎప్పుడూ ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే అప్పుడు చేతిలో ఉండేది ఒక్కటే. రెండోది ఆమె తలలో ఉండేది.

"మూడు రోజులుగా నేను వాసన చూడలేదండీ," అంది చివరికి.

"మరి ఏం చేశావు?"

"వరస చెప్పాను."

గురువారం పొద్దున ఎర్రది ఒక్కటే చూసి, రెండు గంటలు కాగు దగ్గర పని చేసుకుని, అప్పుడు నీలంది చూసింది. తేడా ఉంది. ఏది మంచిదంటే మాత్రం చెప్పలేకపోయింది. ఎర్రది గడ్డి, చెక్క, మిరియం. నీలంది నిమ్మతొక్క, ఎండిన పూలు, సబ్బులాంటిది ఏదో. సబ్బు మంచిదా చెడ్డదా? పాత రకంలో సబ్బు లేదు. మిరియం కూడా లేదు.

జాడీలు వడకట్టి డిగ్రీ గ్లాసుల్లో పోశాడు. పక్కన పాత రకంతో కాచిన బీరు సీసా విప్పి పెట్టాడు. కాగక్క మూడూ మార్చి మార్చి తాగింది. గుటక గుటకకీ నోరు కడుక్కుంది.

"చేదు చూస్తే ఎర్రది మనదానికి దగ్గర. వాసన చూస్తే నీలంది దగ్గర."

"రెండూ కలిపేస్తే?"

కలిపి చూశారు. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టుంది. కాగక్క మూకుడులో ఉమ్మేసింది. ఎలాగూ వ్యాపారి సగం సగం ఇవ్వనన్నాడు.

"ఒక పని చేద్దాం," అన్నాడు డిగ్రీ. "నువ్వు అటు తిరుగు. మూడు గ్లాసులు పోస్తా. రెండిట్లో ఒకటే ఉంటుంది, మూడోది వేరే. ఆ వేరేది ఏదో చెప్పు."

"అంత మాత్రం చెప్పలేనా?"

ఆమె అటు తిరిగింది. గోడకున్న క్యాలెండరు వంక చూస్తూ గ్లాసులు కలిసిన చప్పుడు విన్నది. ఇటు తిరిగి, ఒక్కొక్కటీ వాసన చూసి, తాగి, మధ్యది అంది. డిగ్రీ గ్లాసు ఎత్తి అడుగున రాసుకున్న గుర్తు చూశాడు. అది కాదంటూ మళ్లీ పోశాడు. ఈసారి చాలాసేపు చూసి, మొదటిది అంది. డిగ్రీ తల అడ్డంగా ఊపాడు. మూడోసారి చిరాగ్గా, సరిగా తాగకుండానే, చివరిదంది. అది సరిపోయింది.

"మూడింటికి ఒకటి," అన్నాడు డిగ్రీ. తర్వాత మాట మింగేశాడు.

"అను. ఆగావేం?"

"కళ్లు మూసుకుని వేలు పెట్టినా అంతే వస్తుందక్కా."

కాగక్క చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. ముక్కుపుటాలు అదిరాయి. డిగ్రీ తొందరగా అందుకున్నాడు.

"ఒకలెక్కన మంచిదేగా! నీకే తెలియకపోతే జనానికేం తెలుస్తుంది? ఏది తీసుకున్నా ఒకటే."

"ఒకటే అయితే సోమవారం నుంచి నా బుర్ర ఎందుకు తినేస్తున్నాయి?"

"అది కొలవడానికి నా దగ్గర పరికరం లేదు."

ఆమె నవ్వలేదు. రెండు పొట్లాల నుంచీ చెరో గుప్పెడు కాగితంలో చుట్టుకుని, మధ్యాహ్నం సెలవు చెప్పి బయటపడింది.

ఆమెకు పని నేర్పిన పాత మేస్త్రి ఇస్త్రీ షాపు మీది గదిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. తలుపు కోడలు తీసింది. "రా వదినా. ఈమధ్య మామయ్య ఒకర్ని చూసి ఇంకొకరనుకుంటున్నారు. ఏమన్నా అంటే పట్టించుకోకు," అని చెవిలో చెప్పి వంటింట్లోకి వెళ్లింది. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన కిటికీలోంచి వస్తోంది. ఇక్కడ ఏం తెలుస్తుందిలే అనుకుంది కాగక్క. అయినా కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఎవరూ?"

"నేను మేస్త్రిగారూ. కాగు దగ్గర్నుంచి."

"కాగు ఆరిందా?"

"ఆరింది. కడిగాను. హాప్స్ తెచ్చాను, చూస్తారా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. చేతులు చాచాడు. వణుకుతున్న ఆ చేతులు హాప్స్ తగలగానే వణకడం మానేశాయి. పొలుసులు విడదీసి, చెవి దగ్గర పెట్టుకుని గలగల విని, అప్పుడు నలిపాడు. ఇరవై ఏడేళ్ల కింద ఆమెకు నేర్పినట్టే. దోసిలిలో ముఖం పెట్టి ఊపిరి తీసుకున్నాడు.

"మనదే," అన్నాడు.

అది ఎర్రది. కాగక్క ఆయన చేతులు తడిగుడ్డతో తుడిచింది, కాసేపు ఆగి నీలంది పోసింది. ఆయన మళ్లీ అదే ఓపికతో నలిపాడు.

"ఆ. మనదే. ఎవరమ్మా మన తోట పోయిందని పుకార్లు పుట్టిస్తున్నది?"

"ఎవరూ లేరండీ."

"నువ్వు చూశావా?"

"చూశాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో మనిషిని గుర్తుపట్టిన జాడ ఉందో లేదో ఆమెకు తెలియలేదు. ప్రశ్న మాత్రం పాతదే.

"పోయినేటిలా ఉందా?"

కాగక్క ఆయన వేళ్ల సందుల్లోని పచ్చపొడి ఒక్కొక్క వేలే తుడిచింది.

"ఉందండీ," అంది. ఆ ప్రశ్నకు ఆమె తప్పు జవాబు చెప్పడం అదే మొదటిసారి.

శుక్రవారం నాలుగున్నరకు ఓనరమ్మ పైకి రమ్మని కబురంపింది. ఓనరమ్మ ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త పోయాక కార్ఖానా ఆమె మీద పడింది. జన్మలో ఒక్క చుక్క బీరు ముట్టలేదు, ఆ వాసనకే తలనొప్పి వస్తుందంటుంది. అందుకే ఆఫీసు గది మేడ మీద, గాలి వచ్చే వైపు పెట్టుకుంది. నలభై ఆరేళ్ల కాగక్కను ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తుంది.

మెట్లెక్కుతూ కాగక్క నీలమని నిశ్చయించుకుంది. ఎందుకు నీలమో అడిగితే చెప్పడానికి ఒక మాట కూడా వెతుక్కుంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

"కూర్చో అమ్మాయ్. కాగితం రాసి పెట్టాను. పేరు ఒక్కటే ఖాళీ. ఏది?"

"నాకు తెలీదమ్మా."

ఓనరమ్మ కలం కింద పెట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"తెలీదంటే? ఇంకా చూడాలా?"

"చూశాను. అయిదు రోజులు అదే పని. ఎన్నిసార్లు చూస్తే అన్ని జవాబులు వస్తున్నాయి. డిగ్రీ నాకు పరీక్ష పెడితే తప్పాను కూడా."

"నువ్వా?"

"నేనే. అసలు నేను ఎప్పుడూ ఏదీ ఎంచలేదమ్మా. ఉన్నది ఉన్నట్టుందో లేదో చెప్పేదాన్ని. అది వేరే పని, ఇది వేరే పని. ఈ పని నాకు రాదు. ముందే చెప్పాల్సింది. అందరూ నీ ముక్కు నీ ముక్కు అంటుంటే నాకూ వచ్చేమో అనుకున్నా."

కింద ముందుగదిలో సీసాలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను," అంది ఓనరమ్మ. "జవాబు లేని లెక్క పిల్లలకు ఎప్పుడూ ఇవ్వలేదు. నువ్వు నాకు ఇస్తున్నావు. బొమ్మా బొరుసూ వేద్దామా?"

హాస్యానికి అందో నిజంగా అందో తెలియలేదు. చెయ్యి మాత్రం సొరుగు మీదికి వెళ్లింది.

"వద్దమ్మా."

"ఏం? రెండూ ఒకటే అంటున్నావుగా."

"ఒకటే అనలేదు. తెలియదన్నాను. రేపు బీరు ఇలా ఉందేమిటని ఎవరైనా వస్తే బిళ్లను చూపించలేం కదా."

"మరి ఎవర్ని చూపిద్దాం?"

"నన్ను."

ఓనరమ్మ ఆమెను చాలాసేపు చూసింది, బోర్డు మీద సగం లెక్క వేసి ఆగిపోయిన పిల్లను చూసినట్టు. తర్వాత కలం తీసుకుని, మొన కాగితం మీద ఆనించింది.

"చెప్పు."

"ఎర్రది," అంది కాగక్క.

నోట్లోంచి వచ్చిన మాట విని ఆమే ఉలిక్కిపడింది. నీలం ఎటు పోయింది? వెనక్కి తీసుకోవడానికి వ్యవధి ఉంది. సిరా ఇంకా పడలేదు. పెదవులు కదిపింది గానీ, నీలమని చెప్పడానికి కూడా కారణమేదీ దొరకలేదు.

"ఖాయమేనా?"

"ఖాయం కాదు. ఎర్రది."

ఓనరమ్మ రాసింది. అడుగున కాగక్కను కూడా సంతకం పెట్టమంది. అలా పెట్టించాలని నియమమేమీ లేదు. ఆమె ఎప్పుడూ వాడని అసలు పేరు పూర్తిగా, పొడుగ్గా రాసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అత్తగారి మందు సీసా తీసి ఇచ్చింది. "ఏది చేసుకున్నావే?" అంది ఆవిడ మోకాలు బయటపెట్టి. "ఎర్రది," అంది. "నీలంది బాగుంటుందనుకున్నానే," అంది ఆవిడ, రెంటిలో ఏదీ చూడకుండానే. కాగక్క ఆ రాత్రంతా ఆవిడ మాట గురించే ఆలోచించింది.

రెండు వారాలకు ఎర్రతాడు సరుకు లారీ దిగింది. మొదటి కాగు పెట్టిన రోజు పనివాళ్లంతా ఏదో ఒక వంకతో కాగుగది మీదుగా తిరిగారు. కాగక్క తూచిన హాప్స్ గంపతో నిచ్చెనెక్కి, తెర్లుతున్న రసంలో గుమ్మరించింది. నురగ ఒక్క ఉదుటున పొంగింది. మూత అంచు నుంచి వాసన లేచి గదంతా కమ్ముకుంది. గడ్డి, చెక్క, మిరియం, వాటి అడుగున ఇప్పటిదాకా తగలని వేరే ఏదో. "అక్కా, ఎలా ఉంది?" అని కింద నుంచి అరిచారు. ఆవిరిలో ఆమె ముఖం కనిపించలేదు. వినిపించనట్టు గంప దులిపింది.

ఆ బీరు ట్యాంకులో అయిదు వారాలు నిలవాలి. ఆ అయిదు వారాలూ వారానికి రెండు కాగులు అదే ఎర్రదాంతో దించుతూ పోయారు. మొదటి ట్యాంకు విప్పే రోజు డిగ్రీ, స్టోరు గుమాస్తా, ముందుగది ఆడవాళ్లు నలుగురు చల్లగదిలో చేతులు ముడుచుకుని నిలబడ్డారు. ఓనరమ్మ కూడా ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

కాగక్క కొళాయి తిప్పి గ్లాసు నింపింది. వెలుతురుకు పెట్టి చూసింది, వాసన చూసింది, సగం తాగింది. ఆగి, మిగతా సగం తాగింది. అందరి కళ్లూ ఆమె గొంతు మీదే ఉన్నాయి.

"ఎలా ఉందక్కా?" అన్నాడు డిగ్రీ. ఈసారి చేతిలో పుస్తకం లేదు.

"తెలీదు."

"అయ్యో, బాగాలేదా?" గుమాస్తా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"చెడ్డగా లేదు. బూజు లేదు, పులుపు లేదు. తాగొచ్చు."

"మరి మనదేనా?"

ఆమె ఖాళీ గ్లాసులోకి చూసింది. చేదు కొద్దిగా వెనక నుంచి వస్తోంది. అది ఉండాల్సిందో, ఉండకూడనిదో. దీని పక్కన పెట్టి చూడటానికి ఏముంది? పాతది పెడితే ఇది తప్పుగా తోస్తుంది. పక్కన ఏదీ పెట్టకపోతే ఇది ఏమీ కాదు.

"రెండో ట్యాంకు ఎప్పుడు విప్పుతాం?"

"ఎల్లుండి."

"అయితే ఎల్లుండి అడుగు."

గుమ్మంలో ఓనరమ్మ రుమాలు వెనక నుంచి ఏదో గొణిగింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గ్లాసులు తెచ్చుకుని తలా కాస్త పట్టుకున్నారు. ఒకామె బాగుందంది, ఇంకొకామె ఇదేంటి ఇలా ఉందంది, మూడో ఆమె ఇంకో గ్లాసు తాగితే గానీ చెప్పలేనంది. కాగక్క వాళ్ల మధ్యలోంచి చెయ్యి చాచి వచ్చే ఏటి సరుకు పక్కన పెట్టి చూడటానికి ఆ ట్యాంకులోంచి రెండు సీసాలు నింపుకుంది. మూతలు బిగించి, సుద్దముక్కతో తారీఖు వేసి, చల్లగది చివర పై అరలో వెనక్కి తోసి పెట్టింది. ఎవరూ పొరపాటున తాగెయ్యకుండా మీద గోనె కప్పింది. కాగుగదిలో నీళ్లు కాగుతున్న చప్పుడు వినిపించి, చేతులు తుడుచుకుంటూ అటు వెళ్లింది.